పిల్ల పంపిన పది వాక్యాలు

మిషన్ మేస్త్రి జపాను భాష నేర్చుకుంటున్నాడని తెలిసి వీధి వీధంతా నోరెళ్ళబెట్టింది గానీ, నవ్వడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు. యాభై ఏడేళ్ళ మనిషి. చదివింది ఏడో తరగతి. ఊహ తెలిసినప్పటి నుంచి కుట్టుమిషన్లు విప్పడం, బిగించడం తప్ప ఇంకో పని ఎరగడు. అలాంటివాడు సంచిలో పుస్తకం పెట్టుకుని వెళ్ళి ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్య కూర్చుంటున్నాడంటే ఎందుకో అందరికీ తెలుసు. ఆయన కూర్చునే చోట అంతకు ముందు కూర్చున్నది ఆయన కూతురు.

ఒక్కగానొక్క పిల్ల. సోమవారం ఒళ్ళు వెచ్చబడింది, గురువారానికి లేదు. డాక్టర్లు ఆ జ్వరానికి ఏదో పేరు చెప్పారు. ఆ పేరు పలకడానికి తల్లిదండ్రులకు నోరు తిరగలేదు, తిరిగి మాత్రం ఏం లాభం!

పిల్ల ఫోన్‌లో ఒక రికార్డింగు మిగిలింది. అది జపాను టీచరమ్మ పెట్టిన పద్ధతి. రోజూ ఉదయం ఏడు లోపు ప్రతి ఒక్కరూ పది వాక్యాలు తమ గొంతుతో చెప్పి పంపాలి. అవి కూడా పుస్తకంలోవి కాదు, సొంత బతుకులోవి. "పుస్తకంలో ఉన్నవి చిలక కూడా చెబుతుంది" అనేది ఆవిడ. జ్వరం వచ్చిన సోమవారం పొద్దున పిల్ల పంపిన పది వాక్యాలు, నిమిషంన్నర, ఫోన్‌లో అలాగే ఉన్నాయి.

తల్లి పొయ్యి దగ్గర ఫోన్ పెట్టుకుని రోజూ వినేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఇదిగో, ఇక్కడ హహ అని నవ్విందండీ" అనేది మొగుడితో. టీచరమ్మ పుస్తకం తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళినప్పుడు మేస్త్రి ఆ మాట అడిగాడు. "నవ్వు కాదండీ, హహ అంటే అమ్మ" అందావిడ.

"మరి చిచి అంటే?"

"నాన్న."

మేస్త్రి ముఖం పాలిపోయింది. ఆ నిమిషంన్నరలో చిచి అన్న మాట ఆరుసార్లు వస్తుంది.

ఎందుకు పాలిపోయిందో చెప్పాలంటే ఆ రికార్డింగుకి ముందురోజు, ఆదివారం సంగతి చెప్పాలి. బట్టల దుకాణం ఆవిడ తెచ్చిన మిషన్ ఒకటి నాలుగు రోజులుగా షాపులో పడి ఉంది. ఎక్కడో వాడి వాడి అమ్మేసిన జపాను మిషన్ అది, నాలుగు కుట్లు వేస్తే ఒకటి తప్పుతోంది. మేస్త్రి సూది మార్చాడు, కింది దారం తిప్పే షటిల్ మార్చాడు, తిట్టాడు కూడా, అది లొంగలేదు. ఆ మధ్యాహ్నం ఆయన సామాన్లకని బజారుకెళ్ళిన సమయంలో పిల్ల మిషన్‌తో పాటు వచ్చిన జపాను పుస్తకం ముందేసుకుని, బొమ్మలు చూస్తూ, పక్కన తన పాఠాల పుస్తకం పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంటూ, సూది కిందికి దిగి పైకి లేచే వేళకి షటిల్ కొక్కెం సరిగ్గా దారం అందుకునేలా సర్ది బిగించింది. మేస్త్రి తిరిగొచ్చేసరికి షాపులో దుకాణం ఆవిడతో కలిపి ముగ్గురు మనుషులున్నారు, కూతురి చేతిలో తన స్క్రూడ్రైవరుంది.

"ఎవరు ముట్టుకోమన్నారే నిన్ను?" అని గయ్యిమన్నాడు. స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. పిల్ల పాఠాల పుస్తకం తీసి గుమ్మం అవతలికి విసిరాడు. "నలభై ఏళ్ళ నుంచి చేత్తో తడిమి చెబుతున్నా రోగమేంటో. నాకు నీ జపానూ అక్కర్లేదు, నీ సాయమూ అక్కర్లేదు" అన్నాడు. దుకాణం ఆవిడ తల దించుకుంది.

తర్వాత కూర్చుని కుట్టి చూశాడు. జానెడు కుట్టాడు, మూరెడు కుట్టాడు. ఒక్క కుట్టు తప్పితే ఒట్టు! మారుమాట లేకుండా మిషన్‌కి మూత బిగించి ఆవిడకి ఇచ్చి పంపించాడు. పిల్ల కాసేపు ఆయన వంకే చూస్తూ నిలబడింది. తర్వాత బయటికెళ్ళి పుస్తకం తెచ్చుకుని దుమ్ము దులుపుకుంది.

మేస్త్రి తీరే అంత. పని బాగుంటే నోరు విప్పడు. బాగున్న మిషన్ గురించి మాట్లాడుకునేదేముంది అంటాడు. తప్పుంటే చెబుతాను, చెప్పలేదంటే బాగున్నట్టే అని ఆయన లెక్క. ఆ లెక్క పిల్లకి కూడా తెలుసనుకున్నాడు, మహానుభావుడు.

"మీకు కావాలంటే ఆ పదీ ఇప్పుడే తెలుగులో చెప్పేస్తానండీ" అంది టీచరమ్మ.

"వద్దమ్మా. అది నా గురించి ఏమందో నా చెవులతో నేనే వినాలి. మధ్యవర్తులొద్దు."

మాట పెద్దదే గానీ లోపల ఉన్నది భయం. నేర్చుకునేందుకు ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు ఆ ఆరు మాటలూ వాయిదా పడతాయి కదా. ఇంటికెళ్ళి భార్యతో, "పాఠాలన్నీ కానీ, పిల్ల ఏం చెప్పిందో నేనే చెబుతా" అన్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని తలూపింది.

అలా ఐదు నెలలు గడిచాయి. క్లాసులో పిల్లలు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళు. మిషన్ నూనె ఇంకిన వేళ్ళతో పెన్సిలు పట్టుకుంటే అక్షరం గీతల్లోంచి బయటికి పారిపోయేది. నిన్న నేర్చుకున్న మాట ఇవాళ గుర్తుండేది కాదు. పక్కన కూర్చునే అమ్మాయి రబ్బరు ఇస్తే చెరుపుకుని మళ్ళీ రాసేవాడు. ఎవరి తిట్లకీ లొంగని మొండితనం ఒకటుంది కదా ఆయనకి, అదే అక్కరకొచ్చింది.

చివరికి పిల్ల ఆ పది వాక్యాలు చెప్పిన పాఠం రానే వచ్చింది. "మనం తిట్లు తింటాం, మాట పడతాం, మోసపోతాం. వీళ్ళు క్రియకే ఒక తోక తగిలిస్తారు. ఎవరో ఏదో చేశారు, అది వచ్చి నా నెత్తిన పడింది అని ఆ తోకే చెబుతుంది. వాన పడినా సరే, నా మీద పడి నన్ను తడిపింది అని వాన మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు" అని చెప్పింది టీచరమ్మ. తర్వాత ఒక్కొక్కరినీ వాక్యం చెప్పమంది. ఒకడు తమ్ముడు తన చార్జరు ఎత్తుకుపోయాడన్నాడు. ఒకమ్మాయి బస్సులో కాలు తొక్కించుకున్నానంది. మేస్త్రి వంతు వచ్చేసరికి అందరూ పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. ఆయన నెత్తిన పడ్డదేమిటో అక్కడ తెలియనిదెవరికి? మేస్త్రి గొంతు సవరించుకుని, దోమ చేత కుట్టించుకున్నాను అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకుని పెద్దగా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం షాపు షట్టరు సగానికి దించి, పిల్ల రాసుకున్న మాటల నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఒక్కో వాక్యం దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాడు. అమ్మ తెల్లవారుజామున ఐదింటికే లేపేసిందట. వాన తడిపేసిందట. ఎదురింటి కుక్క చెప్పు కొరికేసిందట. బస్సులో ఎవరో తోసేశారట. అక్కడి నుంచి అంతా నాన్నే. నలుగురి ముందు నాన్న చేత తిట్లు తిన్నాను. నాన్న నా చేతిలో స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. నా పుస్తకం విసిరేశాడు. అక్కర్లేదు అనిపించుకున్నాను. నా జపాను భాష విని నాన్న నవ్వాడు.

ఐదూ నిజమే. కాదనడానికి లేదు. మేస్త్రి ముక్కు చీది పదో వాక్యం పెట్టాడు. అందులోని క్రియ ఆయనకి తెలియదు. నోట్‌బుక్‌లో వెతికితే పిల్ల గుండ్రటి అక్షరాల్లో దొరికింది, మెచ్చుకోవడం అని. నాన్న నన్ను మెచ్చుకున్నాడు.

నాలుగుసార్లు విన్నాడు. అదే మాట. షట్టరు అలాగే వదిలేసి టీచరమ్మ దగ్గరికి పరుగున వెళ్ళాడు.

"ఇదేదో తప్పు చెప్పినట్టుందమ్మా పిల్ల" అన్నాడు ఆయాసపడుతూ.

ఆవిడ విని, "తప్పు లేదండీ. చక్కగా చెప్పింది" అంది.

"అది కాదమ్మా. నేను ఎప్పుడు మెచ్చుకున్నాను?"

టీచరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. చెప్పాలా వద్దా అని కాస్త తటపటాయించింది. "ఈ పాఠంలో అందరూ ఏడుపుగొట్టు వాక్యాలే రాస్తారండీ. అందుకని పదోది సంతోషంగా ఉండాలని నేనే నియమం పెట్టాను. ఆదివారం సాయంత్రం మీ అమ్మాయి ఫోన్ చేసింది. పదోది ఎంత ఆలోచించినా రావట్లేదు టీచర్, జరగనిది కల్పించి రాయొచ్చా అని అడిగింది. సరే రాయమన్నాను." ఆగి, మెల్లగా అంది. "ఎవరి మీదైనా కల్పించుకోవచ్చు కదండీ. స్నేహితురాలి మీద, నా మీద. ఆ పిల్ల మీ మీదే కల్పించుకుంది."

మేస్త్రికి ఏడుపు కూడా రాలేదు. బాగుందంటే నోరు అరిగిపోయేదా? మూరెడు కుట్టు కుట్టి చూసినవాడు మూడు ముక్కలు మాట్లాడలేకపోయాడా? తనని తాను తిట్టుకుంటూ ఇంటిదారి పట్టాడు.

ఆయన ముఖం చూడగానే భార్యకి అర్థమైపోయింది. చేతిలో పని వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏమందండీ పిల్ల?"

దాచకుండా చెప్పుకొచ్చాడు. ఐదింటికి లేపడం విని ఆవిడ నవ్వి ఏడ్చింది. తిట్లూ, పుస్తకం విసరడం విని కళ్ళు దించుకుంది. "ఆఖరికి ఒకటి ఉందే. నేను మెచ్చుకున్నానని చెప్పింది."

ఆవిడ చటుక్కున తలెత్తింది. "మీరా? మెచ్చుకున్నారా? ఎప్పుడు?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు, ఆశ ఉంది. మేస్త్రి ఆ కళ్ళలోకి చూశాడు. టీచరమ్మ చెప్పిన మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది.

"ఆదివారమే. మిషన్ బాగుచేసింది కదా, దుకాణం ఆవిడ వెళ్ళిపోయాక."

"ఏమన్నారు?"

మేస్త్రి గుమ్మం వైపు తిరిగాడు. కూతురు ఎదురుగా నిలబడ్డట్టే అన్నాడు. "బాగా చేశావమ్మా. నా వల్ల కానిది నువ్వు చేశావు అన్నాను."

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. భార్య ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఐదు నెలల్లో మొదటిసారి ఆవిడ ముఖం కాస్త తేటపడింది.

"పోన్లెండి" అంది. "ఆ మాటైనా విని వెళ్ళింది నా తల్లి."

మేస్త్రి అవునని తలూపాడు.