గ్రైండర్ పట్టిన మూకుడు

నా భార్య కుమారి పుట్టింటికి వెళ్ళిపోవడానికి కారణం నా తాగుడు కాదు, పేకాట కాదు, మరో ఆడమనిషి అంతకన్నా కాదు. నేను గిన్నెలు తోమడం. ఈ మాట చెబితే అనకాపల్లిలో ఒక్కడూ నమ్మలేదు. వీడేదో దాస్తున్నాడన్నట్టు ఎగాదిగా చూశారు. నమ్మకపోతే మానెయ్యండి, జరిగింది మాత్రం ఇదే.

నా పేరు దేముడు. మెయిన్ రోడ్డు పక్క సందులో మోటార్ వైండింగ్ షాపు నాది. చుట్టుపక్కల చెరకు తోటల్లో కాలిపోయిన మోటార్లన్నీ నా దగ్గరికే వస్తాయి. కాలిన తీగ పీకి, తుప్పు గీకి, కొత్త తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చెయ్యడం నా పని. ఇరవై ఏళ్ళు ఇదే పనిలో ఉన్నవాడికి నల్లగా కనబడిందల్లా కాలిపోయినట్టే ఉంటుంది. నా తప్పంటూ ఉంటే అది ఇక్కడే ఉంది. మిగతాదంతా మంచి ఉద్దేశమే.

పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేను ఒక్క కంచం కడిగిన పాపాన పోలేదని కుమారి దెప్పుతూ ఉండేది. అది నిజమే గాని, నిజమైన మాట రోజూ వింటే ఒళ్ళు మండుతుంది. ఆ ఆదివారం ఆమె ఎలమంచిలిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది. నేను పంతం పట్టి కూర్చున్నాను. గిన్నెలు, గరిటెలు, కుక్కరు, ఆఖరికి స్టవ్ కింద చెక్క కూడా తోమాను. అన్నీ మెరిశాయి. ఒక్క మూకుడు తప్ప.

అది పోత ఇనప మూకుడు. రెండు చెవులు, మందమైన అడుగు, ఎత్తితే చిన్న మోటారు ఎత్తినంత బరువు. కుమారి దాన్ని కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకుంది. దిబ్బరొట్టె అందులోనే కాల్చేది. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ, జీలకర్ర కలిపి, నూనె వేసిన మూకుట్లో మందంగా పరిచి, మూత పెట్టి సన్నటి మంట మీద వదిలేసేది. అరగంటకి కింద ఎర్రటి పెచ్చు కట్టేది, లోపల మెత్తగా ఉడికేది. తుంచి బెల్లం పాకంలో ముంచుకుని నోట్లో పెట్టుకుంటే మనిషికి ఇంకేమీ గుర్తుండదు. పిండి మిగిలితే బెల్లం కోరు, కొబ్బరి, యాలకుల పొడి కలిపి మర్నాడు తీపి రొట్టె. వాన పడితే ఉల్లి పకోడీ. పిల్ల హాస్టల్ నుంచి వచ్చిందంటే బెల్లం గవ్వలు. ఇంత తిన్నవాణ్ణి, ఆ మూకుడు మొహం మాత్రం ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

ఆ రోజు చూశాను. లోపలా బయటా కాకి నలుపు. సబ్బు పెట్టాను, వదల్లేదు. చింతపండు పెట్టాను, వదల్లేదు. స్టీలు పీచు అరిగిపోయింది గాని నలుపు చెక్కు చెదర్లేదు. నాకు రోషం పుట్టింది. ఎంతెంత తుప్పు మోటార్లు నా చేతిలో తెల్లబడ్డాయి, ఇదొక లెక్కా అని మూకుణ్ణి స్కూటర్ మీద పెట్టుకుని షాపుకి పోయి, షట్టరెత్తి, గ్రైండర్‌కి వైరు బ్రష్ బిగించాను.

రెండు గంటలు పట్టింది. ముక్కులోకి, చెవుల్లోకి నల్లటి పొడి పోయింది. కానీ ఆ మూకుడు ఏం మెరిసిందండీ! నా మొహం నాకే కనబడింది. ఎందుకైనా మంచిదని పైన ఇన్సులేషన్ వార్నిష్ ఒక కోటు వేద్దామనుకున్నాను. ఏ దేవుడు ఆపాడో, ఆగాను. ఇంటికి తెచ్చి, గుమ్మంలోంచి కనబడేలా గోడ మేకుకి తగిలించి, స్నానం చేసి, తల దువ్వుకుని కూర్చున్నాను.

సాయంత్రం కుమారి వచ్చింది. చెప్పులు విప్పుతూ గోడ వైపు చూసింది.

"ఇదెవలిదీ?" అంది.

"మనదే," అన్నాను కాలు మీద కాలేసుకుని.

"మనదేటి?"

"మన మూకుడే. తోమేను."

కుమారి దగ్గరికి వెళ్ళి దాని లోపల అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాసింది. తరవాత నేల మీద కూలబడింది. కళ్ళ వెంట నీళ్ళు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, అవి ఆనందబాష్పాలనుకున్నాను. "దీనికే ఏడిత్తే ఎలా? కుక్కరు సూడలేదు నువ్వింకా," అన్నాను కూడా.

అప్పుడు ఆమె నా వైపు చూసిన చూపుకి నా కాలు దానంతటదే కిందికి దిగింది.

"ఏటి సేసేవయ్యా నువ్వు? ఎవలు సెయ్యమన్నారు నిన్ను?"

"ఇనుమే కదే. అంత బాధైతే కొత్తది కొందాం."

ఈ ఆఖరి మాట అనకుండా ఉంటే బహుశా నాలుగు తిట్లతో పోయేది. పొద్దున్నే కుమారి సంచీ సర్దుకుని పుట్టింటికని చీడికాడ బస్సెక్కింది. "ఎప్పుడొత్తావు?" అని అడిగాను. "అది ముందున్నట్టు అయిన్నాడు," అంది. బస్సు కదిలింది.

నాకూ కోపం వచ్చింది. ఇంటి పని చెయ్యలేదని తిట్టడం, చేస్తే అలగడం, ఏం న్యాయం ఇది? మూడు రోజులు హోటల్లో తిన్నాను. నాలుగో రోజు ఫోన్ చేశాను. మా అత్త అప్పలకొండమ్మ ఎత్తింది.

"అమ్మి మాటాడనంతంది బాబూ. మీరు తిన్నారా?"

"తిన్నాను అత్తా. కోపమింకా తగ్గలేదా?"

"కోపమైతే తగ్గీది బాబూ. ఇది కోపం లాగ లేదు."

ఫోన్ పెట్టేశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. గోడ మీద మూకుడు మెరుస్తోంది. దాన్ని చూస్తే భయం వేసింది నాకు. కుమారి మాటంటే మాటే. అది నల్లబడితే గాని ఆమె రాదు.

దాందేముంది, రొట్టె కాలిస్తే అదే నల్లబడుతుందనుకున్నాను. పప్పు నానబోసి, రుబ్బి, పిండి మూకుట్లో వేసి మూత పెట్టాను. అరగంటకి మూకుడూ రొట్టే ఒకటైపోయాయి. అట్లకాడతో కాలేదు, స్క్రూ డ్రైవర్ తెచ్చి చెక్కాను. మర్నాడు ఆ ముక్కల్ని కాగితంలో కట్టుకుని షాపుకి వెళితే, కొండకర్ల నుంచి పరదేశి వచ్చి ఉన్నాడు. చెరకు రైతు, బెల్లం వండేవాడు. ఏడాదికి రెండుసార్లు బోరు మోటారు కాల్చుకుని నన్ను పోషిస్తాడు.

"ఏటి బావా, ఇది రొట్టా రంపప్పొట్టా?" అన్నాడు ఒక ముక్క నోట్లో వేసుకుని.

జరిగిందంతా చెప్పాను. పరదేశి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నమలడం ఆపి నా చేతులకేసి చూశాడు.

"గ్రైండర్ పెట్టేవా? మూకుడుకి? బావా, మా బెల్లం పెనం మీద నువ్విలాటి పని సేసుంటే మా అయ్య నిన్ను అందులోనే ఏసి వండేసేవోడు. అది మసనుకున్నావేటి? ఏళ్ళ తరబడి నూనె తాగి తాగి కట్టిన పొర అది. అదుంటేనే అంటుకోదు. నువ్వు తోలు వొలిచేసేవు దానికి."

"మరిప్పుడేటి సెయ్యాల?"

"నూనె పల్చగా రాయాల, పొగొచ్చీదాకా కాల్చాల, సల్లార్చాల. మళ్ళీ రాయాల. రోజూ. అందులో ఉల్లిపాయలు ఏపు, పకోడీలెయ్యి. పులుసు గాని కాచేవో, సేసిందంతా పోద్ది."

"ఎన్నాళ్ళు?"

"నీ ఓపికెన్నాళ్ళుంటే అన్నాళ్ళు."

ఓపిక నాకు లేని వస్తువు. అందుకే ఒక దొడ్డిదారి తొక్కాను. వార్నిష్ వేసిన మోటార్లు ఆరబెట్టే హీటర్ పెట్టె ఉంది షాపులో. మూకుడుకి నూనె రాసి అందులో పడేసి, రోజంతా కాలనిచ్చాను. నల్లబడింది, అబద్ధమెందుకు. ఆ పూట కాల్చిన రొట్టె మాత్రం కొత్తగా చుట్టిన మోటారు వాసన వేసింది. వీధిలో కుక్కకి పెడితే వాసన చూసి, నా మొహం చూసి, వెళ్ళిపోయింది.

దాన్ని మళ్ళీ గీకి, ఈసారి బుద్ధిగా మొదలుపెట్టాను. పొద్దున్నే లేవడం, నూనె రాయడం, కాల్చడం, చల్లార్చడం. ఇంటినిండా పొగ. ఉల్లిపాయలు వేయించాను. పకోడీలు వేశాను, ఎన్ని వేశానంటే వీధిలో వాళ్ళు నన్ను చూసి తలుపులు వేసుకునేవారు. మొదట్లో పట్టిన నలుపు మచ్చలు మచ్చలుగా ఉండేది. ఒక పక్క నునుపు, ఒక పక్క గరుకు. రొట్టె సగం వచ్చేది, సగం ఉండిపోయేది. మోటారైతే ఒక పూటలో తేల్చేస్తాను. ఇది నన్ను లెక్క చెయ్యలేదు. నెల దాటాక ఒక పొద్దున్న, మూకుణ్ణి పట్టుకుని కుదిపితే రొట్టె కదిలింది. తిరగేశాను. ఎర్రటి పెచ్చుతో గుండ్రంగా పళ్ళెంలో పడింది. స్టవ్ ముందు ఒక్కణ్ణే నిలబడి కేకేశాను. కళ్ళు చెమర్చాయి. నలభై మూడేళ్ళ మగాణ్ణి, రొట్టె చూసి ఏడ్చాను.

మర్నాడు ఇంకొకటి కాల్చి, మూకుట్లోనే ఉంచి, పళ్ళెం మూతేసి, తువ్వాలు చుట్టి, సీసాలో బెల్లం పాకం పోసుకుని చీడికాడ బస్సెక్కాను. వేడి మూకుడు ఒళ్ళో పెట్టుకున్నానన్న సంగతి బస్సు కదిలాక తెలిసింది. తొడలు చురచురమంటుంటే కాసేపు కుడి కాలి మీదికి, కాసేపు ఎడం కాలి మీదికి మార్చుకుంటూ కూర్చున్నాను. తువ్వాల్లోంచి వాసన బస్సంతా పాకింది.

"ఏటి బాబూ అది, దిబ్బరొట్టేనా?" అంది పక్క సీటు ముసలమ్మ. అవునన్నాను. "మా కోడలు ఇలాటివి సెయ్యదు," అని నిట్టూర్చింది. నిట్టూర్చాక పెట్టకపోతే ఎలా? ఒక ముక్క తుంచి ఇచ్చాను. వెనక సీటువాడు మెడ చాచాడు. కండక్టర్ టిక్కెట్టు కొట్టడం మానేసి నిలబడ్డాడు. చోడవరం వచ్చేసరికి బస్సులో సగం మందికి నా సంసారం సంగతి తెలిసిపోయింది, రొట్టెలో ముప్పాతిక అయిపోయింది. దిగేటప్పుడు ముసలమ్మ, "ఆ మిగిలింది మాత్రం ఎవలికీ పెట్టకు బాబూ," అని నా భుజం తట్టింది.

కుమారి అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు. నేను మూకుడు ఆమె ముందు పెట్టి తువ్వాలు విప్పాను. పావు చెక్క రొట్టె ఉంది. కుమారి రొట్టె వైపు చూడలేదు. దాన్ని ఒక పక్కకి జరిపి, మూకుడు అడుగున అరచెయ్యి పెట్టి మెల్లగా రాసింది.

"ఎవలు సేసేరిది?"

"నానే."

"ఎన్నాళ్ళు?"

"నలభై రోజులు. ఓ పక్కింకా గరుగ్గానే ఉంది."

ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

"పెళ్ళైన మొదటి ఆషాఢం నాను ఇక్కడికొచ్చేను, గుర్తుందా?" అంది. "అప్పుడు ఇది ఎంటబెట్టుకునొచ్చేను. పట్నంలో నల్ల మూకుడేటని సిగ్గేసి, ఇటికపొడెట్టి వారం రోజులు తోమి తెల్లగా సేసేనయ్యా. నానే. రొట్టె అంటుకుపోతే ఏడుత్తూ మా అమ్మమ్మ దగ్గరికి తెచ్చేను. ఆవిడ ఒక్క మాటనలేదు. ఇలాగివ్వమ్మా అంది. అప్పటికే సూపు ఆనదు ఆవిడకి. పొద్దున్నే నూనె రాసి కాల్చీది, నలుపెక్కిందో లేదో సేత్తో తడిమి సూసుకునీది. దసరాకి నాకిచ్చింది. సంక్రాంతికి ఆవిడే లేదు."

నేను అరుగు అంచున కూర్చున్నాను.

"నువ్వు గీకీసింది మసి కాదు. మా ముసల్ది నాకోసం ఆకరిగా సేసిన పని."

"మరి నాకెందుకు సెప్పలేదే ఇన్నాళ్ళూ?"

"ఏటని సెప్పను? నాను పాడుసేసేననా? ఆ ఏడాది నెలల తరబడి ఇంట్లో రొట్టే లేదు. నువ్వసలు సూసుకోనేలేదు. పెట్టింది తినీసి ఎల్లిపోయీవోడివి."

అది విన్నాక నాకు బాధ కలిగింది. బాధతో పాటే, అలవాటు చొప్పున, కోపమూ వచ్చింది.

"మరి నిన్ను ఆవిడ ఒక్క మాటనలేదు కదా. నువ్వేటి, నన్నొదిలీసి బస్సెక్కీసేవు!"

కుమారి చేట చేతిలోకి తీసుకుంది. లోపల మా అత్త దగ్గింది, నవ్వాపుకోవడానికేనని నా అనుమానం.

"నాను మా అమ్మమ్మంత మంచిదాన్ని కాను," అంది చివరికి.

"అది నాకు తెలుసు," అన్నాను.

చేట విసురుతుందనుకున్నాను. విసర్లేదు. రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, "ఉప్పు సాల్లేదు," అని ఇంకో ముక్క తుంచింది. పాకం సీసా మూత తీసి ఆమె ముందు పెట్టాను. ముక్క మీద ముక్క ముంచుకుని మొత్తం తినేసింది. నాకు చిన్న ముక్కైనా మిగల్చలేదు.

"రేపటికి పప్పు నానబోసేవా?" అంది వేళ్ళు నాకుతూ.

"బయల్దేరే ముందే పోసేను."

"ఎంత?"

"గ్లాసున్నర."

"నీ ఒక్కడికీ గ్లాసున్నరేటి? ఎవలు తింతారంతా?"

నేను తువ్వాలు దులిపి మడత పెట్టాను. కుమారి కాసేపు నా వైపు చూసి, చేట పక్కన పెట్టి లేచింది. "అమ్మా, నా సంచీ ఎక్కడెట్టేవే?" అంటూ లోపలికి వెళ్ళింది.