తప్పు జవాబులు తయారుచేసే ఆవిడ

"ఇదిగో, జెనెటిక్స్ మీద ఓ నలభై బిట్లు కొట్టిపెట్టు. సీనియర్ బ్యాచ్‌కి. గురువారానికల్లా కావాలి," అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. రెండు గ్లాసుల మంచినీళ్ళు బల్ల మీద పెట్టమన్నట్టే అన్నాడు.

ఆమె చేతిలో బీన్స్ ఉన్నాయి. ఈనెలు తీస్తోంది. ఈ కొట్టడమనే మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. దోమను కొడతారు, గోడకు మేకు కొడతారు. బిట్లు కొట్టడమేమిటి? ఒక్క బిట్టు సరిగ్గా కుదరాలంటే ఎంత తతంగముందో ఈ మహానుభావుడికి తెలుసా? తెలియదు. తెలుసుకోవలసిన అవసరం తొమ్మిదేళ్ళుగా రాలేదు మరి. అడగడం, అందుకోవడం, జిరాక్స్‌కి పంపడం. ఆయన వంతు అంతటితో సరి.

బిట్టుకు ఒక ఒప్పు, మూడు తప్పులు కావాలి. ఒప్పుదేముంది, పుస్తకం తెరిస్తే ఎవరికైనా దొరుకుతుంది. కష్టమంతా ఆ మూడు తప్పులతోనే. నోటికొచ్చిన తప్పులు పెడితే చదవని పిల్లాడు కూడా నవ్వి కొట్టేస్తాడు. తప్పు ఎలా ఉండాలంటే, సగం చదివినవాడికి అచ్చం ఒప్పులా కనిపించాలి. అలాంటి తప్పులు కూర్చుని ఆలోచిస్తే రావు. పిల్లల నోట్లోంచి రావాలి. భర్త జీవశాస్త్ర శాఖాధిపతిగా ఉన్న కాలేజీలోనే ఆమె మొదటి ఏడాది పిల్లలకు గంటల లెక్కన పాఠం చెబుతుంది. క్లాసులో ఎవరు ఏం తప్పు చెప్పినా నవ్వదు, తిట్టదు. బయటికొచ్చాక ఒక నోట్సులో రాసుకుంటుంది. 'మొక్కలు రాత్రిపూట మాత్రమే ఊపిరి పీలుస్తాయి' అన్నవాడెవడు, 'మందు వాడగా వాడగా బ్యాక్టీరియాకు అలవాటైపోతుంది' అన్నదెవరు, ఏ మాట పట్టుకుని అలా దారి తప్పారు, అన్నీ అందులో ఉంటాయి. అలాంటి నోట్సులు ఇప్పటికి పద్నాలుగయ్యాయి.

"ఎవరైనా నాలుగు మంచిమాటలు రాసుకుంటారే అమ్మాయ్! లోకంలో పిల్లల తప్పులన్నీ పోగేసుకుంటావేమిటి, ఇదేం చోద్యం?" అని అత్తగారు ఎన్నోసార్లు బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ మాటల్లో చురక ఉన్నా, పాపం, ఆ నోట్సులు ఇంట్లో ఉన్నాయని గమనించింది ఆవిడ ఒక్కతే. కొడుకైతే వాటిని ఒకసారి కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆపడానికి అడ్డం పెట్టాడు.

మధ్యాహ్నం అందరి కంచాలూ తీశాక, పాప బడి నుంచి వచ్చేలోపు దొరికే రెండు గంటల్లో ఆమె వర్క్‌షీట్లు తయారుచేస్తుంది. కణం బొమ్మలు తనే గీస్తుంది. వంశవృక్షాలు గీస్తుంది. ఏ ప్రశ్న తర్వాత ఏది రావాలో, పిల్లాడికి ఎక్కడ ధైర్యం రావాలో, ఎక్కడ కాస్త తల గోక్కోవాలో లెక్క చూసుకుంటుంది. అన్నీ అయ్యాక అడుగున భర్త చెప్పిన లైను టైపు చేస్తుంది: 'రూపకల్పన: శాఖాధిపతి, జీవశాస్త్రం.' కాలేజీలో ఆయన పేరు 'వర్క్‌షీట్ల సారు'. ఆమె పేరు 'వర్క్‌షీట్ల సారు గారి మేడం'. సొమ్మొకడిది, సోకొకడిది!

ఒకసారి అడిగింది కూడా. "కింద నా పేరు కూడా వేద్దామా?"

"మనిద్దరి మధ్యా నీదీ నాదీ ఏమిటోయ్?" అని ఆయన ఎంతో ప్రేమగా నవ్వాడు. ఆ ప్రేమకు కరిగిపోయి ఊరుకుంది. 'తేడా లేనప్పుడు నా పేరే వేయండి మరి' అని అనవలసిందని రెండు రోజుల తర్వాత, బట్టలు ఆరేస్తుండగా తట్టింది. అప్పటికే వర్క్‌షీట్లు పంచేశారు.

ఈ ఏడు మాత్రం ఆమె ఊరుకోదలచుకోలేదు. సీనియర్ బ్యాచ్‌కి పూర్తికాలం టీచరు పోస్టు ఒకటి పడింది. వెంటనే దరఖాస్తు పెట్టింది. తొమ్మిదేళ్ళుగా మొహం చూడకుండా పాఠం చెబుతున్న పిల్లలకు ఎదురుగా నిలబడి చెప్పాలని ఆమెకు ఎంత ఆశో చెప్పలేం. పోస్టు ఎవరికివ్వాలో తేల్చేది ప్రిన్సిపాల్. దానికి శాఖాధిపతి అభిప్రాయం రాసివ్వాలి.

"నీ గురించి నేనేం రాసినా బాగుండదు. బంధుప్రీతి అంటారు. అందుకే ఏమీ రాయలేదు," అన్నాడు భర్త, ఏదో త్యాగం చేసినట్టు.

ఆహా! నలభై బిట్లు అడిగేటప్పుడు లేని బంధుప్రీతి, నాలుగు వాక్యాలు రాయాల్సి వచ్చేసరికి ఎక్కడలేనిది పుట్టుకొచ్చింది. అయినా ఆమె మనసుకు సర్దిచెప్పుకుంది. ఆయన సాయం చెయ్యకపోతే పోయె, అడ్డం రాకపోతే చాలనుకుంది.

గురువారం క్విజ్ జరిగింది. శనివారం పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గది నుంచి ఆమెకు పిలుపొచ్చింది. వెళ్ళేసరికి భర్త అక్కడే కూర్చుని ఉన్నాడు. గోడవైపు నిలబడ్డ అమ్మాయి చేతిలో జవాబు పత్రం ఉంది. సీనియర్ బ్యాచ్‌లో ఆ పిల్లను అందరూ ప్రశ్నల పుట్ట అంటారు.

"పందొమ్మిదో ప్రశ్న, మేడం," అంది ఆ పిల్ల. "తల్లికి రంగులు గుర్తించలేని లోపం లేదు, కానీ ఆ జన్యువు ఉంది. తండ్రికి ఏమీ లేదు. వాళ్ళకు పుట్టిన కొడుక్కి ఆ లోపం ఉండే అవకాశం ఎంత? నేను సగం అని పెట్టాను. జవాబుల కీలో పావు అని ఉంది. మాలో పందొమ్మిది మందికి మార్కు పోయింది."

సగమే. అందులో అనుమానమేముంది? నలుగురు పిల్లల్లో ఒకడికి వస్తుందని లెక్కేసినవాడు పావు అంటాడు. పుట్టింది కొడుకేనని ప్రశ్న ముందే చెప్పాక కూతుళ్ళను లెక్కలోకి తేకూడదని మరిచిపోతాడు. ఆరేళ్ళ కిందట ఒక కుర్రాడు సరిగ్గా ఇదే పొరపాటు చేస్తే, నోట్సులో రాసుకుని, దాన్నే తప్పు జవాబుగా పెట్టిందామె. అది కీలోకి ఎలా ఎక్కింది?

ఆమె నోరు తెరిచేలోగానే భర్త అందుకున్నాడు. "టైపింగులో పొరపాటు సార్. మా ఆవిడే కొట్టింది. ఇంటి పనుల హడావిడి, చిన్నపిల్ల, మీకు తెలియనిదేముంది. నేను ఒకసారి సరిచూసుకోవాల్సింది, నాదీ తప్పే."

ఆ చివరి ముక్కకు ప్రిన్సిపాల్ మెచ్చుకోలుగా తల పంకించాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "చూడమ్మా, సీనియర్ బ్యాచ్ పోస్టుకు నువ్వే దరఖాస్తు పెట్టావు. కీ కూడా సరిగ్గా కొట్టలేకపోతే నీకెలా ఇచ్చేది? సోమవారానికి సంజాయిషీ రాసివ్వు. అది చూశాకే నీ దరఖాస్తు సంగతి."

"అలాగే సార్," అంది. ఎందుకందో తెలుసా? నిజంగానే తనే పొరపాటు కొట్టిందేమో అనుకుంది. తొమ్మిదేళ్ళలో ఒక్క కీ తప్పు పోలేదు. అయినా ఎదుటివాడు వేలు చూపించగానే ముందు తన చెయ్యే చూసుకుంది. బుధవారం మధ్యాహ్నం కుక్కర్ కూసినప్పుడు లేచాను కదా, అప్పుడేమైనా అయిందా, పాప వచ్చి భుజం మీద వాలినప్పుడా, అని మెట్లు దిగుతూ వెతుక్కుంది. అలా వెతుక్కోవడం ఆమెకు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. 'గ్యాసు కట్టేశావా', 'తలుపు వేశావా', 'నువ్వే ఎక్కడో పెట్టి ఉంటావు' అని అడిగి అడిగీ ఇంట్లో వాళ్ళు అలవాటు చేశారు.

ఇంటికెళ్ళకుండా తిన్నగా ఎగ్జామ్ సెక్షన్‌కి వెళ్ళింది. అక్కడి గుమాస్తావిడ బీరువా తీసి, కీ ఉన్న కవరు చేతికిచ్చింది. "నాకూ విడ్డూరంగానే ఉంది మేడం, మీ కీలో ఎప్పుడూ గీతలుండవు," అంది.

పందొమ్మిదో నంబరు ఎదురుగా ఆమె టైపు చేసింది స్పష్టంగా ఉంది: సగం. దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన చేత్తో 'పావు' అని రాసి ఉంది. ఆకుపచ్చ ఇంకుతో. ఆ కాలేజీలో ఆకుపచ్చ ఇంకు వాడేది శాఖాధిపతులు మాత్రమే. ఆ పెన్ను జేబుకు తగిలించుకున్న రోజు ఆయన ఇంటిల్లిపాదికీ చూపించుకున్నాడు కూడా.

ముందు ఆమెకు నవ్వొచ్చింది. సగం చదివిన పిల్లల కోసం వేసిన వలలో శాఖాధిపతి గారు పడ్డారు! ఆ నవ్వు పెదవి దాటలేదు. ఈయన తెలియక మార్చాడు, సరే. పొరపాటు ఎవరికైనా వస్తుంది. మరి ఆ గదిలో, ఆ పిల్ల ముందు, తెలిసి తెలిసి తన మీదికి తోశాడే! ఆడలేక మద్దెల ఓడు అన్నాడని విన్నాం, ఈయన మద్దెల చేసిన మనిషినే ఓటిదన్నాడు. ఆ కీకి ఒక జిరాక్స్ అడిగి తీసుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గరే అడిగింది. ఆయన దాచలేదు. దాచాలన్న స్పృహే లేదు.

"ఓ, అదా? నేనే మార్చాను. చూడగానే పావేననిపించింది. నువ్వు తొందరలో కొట్టావనుకున్నా."

"మరి ప్రిన్సిపాల్ దగ్గర నా పేరెందుకు చెప్పారు?"

"సీనియర్ బ్యాచ్ పిల్ల ముందు, నాకు జెనెటిక్స్ రాదని ఒప్పుకోమంటావా? నాకైతే పరువు పోతుంది. నీకేముంది, నువ్వు చేశావంటే ఎవరూ ఏమీ అనుకోరు." కంచం పక్కనుంచి ఒక కాగితం జరిపాడు. "నీకు శ్రమ లేకుండా నేనే రాసేశాను. సంతకం పెట్టు చాలు." అందులో ఇలా ఉంది: 'గృహబాధ్యతల ఒత్తిడి వల్ల టైపింగులో నా అజాగ్రత్త కారణంగా జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను.'

"నా పోస్టు?"

"ఇది కాకపోతే ఇంకోటి. ఇప్పుడు నీకు తిండికి లోటా, బట్టకు లోటా?"

"పెట్టెయ్యవే అమ్మాయ్," అంది అత్తగారు. "మొగుడి పరువు పోతే నీది పోయినట్టు కాదూ?"

"పెళ్ళాం పరువు పోతేనో అత్తయ్యా?"

"ఆడదాని పరువు ఎక్కడికి పోతుందే, ఇంట్లోనే ఉంటుంది."

ఆమె ఆ కాగితం మడిచి పళ్ళెం కింద పెట్టింది. ఎవరూ ఏమీ అనుకోరట! ఇరవై ఏళ్ళు చదివి, చెప్పి, తొమ్మిదేళ్ళ మధ్యాహ్నాలు ధారపోసి సంపాదించుకున్న పేరు ఇది. తప్పు చేసినా ఎవరూ ఆశ్చర్యపోని మనిషి. ఆయన చేసిన తప్పు ఆమెదైంది, ఆమె చేసిన ఒప్పు ఆయనదైంది. తొమ్మిదేళ్ళుగా నడుస్తున్న బేరమే ఇది, పందొమ్మిదో ప్రశ్న దగ్గర బయటపడింది, అంతే. దొంగ కోపం కాదు, అలక కాదు, ఆమెకు నిజంగా కోపమొచ్చింది. ఆ కోపంతో ఆదివారమంతా ఎవరితోనూ గొడవపడలేదు. కూర్చుని రాసుకుంది.

ఆ కాలేజీలో ఒక పద్ధతుంది. కింది టీచరు ఎవరైనా ప్రిన్సిపాల్‌కి కాగితం ఇవ్వాలంటే శాఖాధిపతి చదివి, సంతకం పెట్టి, పైకి పంపాలి. సోమవారం మొదటి పిరియడ్ అయ్యాక ఆమె స్టాఫ్ రూములోకి వెళ్ళి, భర్త బల్ల ముందు నిలబడి, కాగితం పెట్టింది. పక్క బల్ల దగ్గర కెమిస్ట్రీ మేడం పేపర్లు దిద్దుకుంటోంది.

"సంతకం పెట్టావా? మంచి పని చేశావు," అంటూ ఆయన పెన్ను తీశాడు. అప్పుడు చదివాడు.

'ప్రిన్సిపాల్ గారికి, శాఖాధిపతి ద్వారా. పందొమ్మిదో ప్రశ్న నేను తయారుచేశాను. నేనిచ్చిన జవాబు సగం. దాన్ని మార్చింది నేను కాదు, కీ నకలు జత చేశాను. పందొమ్మిది మంది మార్కులు తిరిగి ఇవ్వగలరు. ఆ ఒక్క ప్రశ్నే కాదు, తొమ్మిదేళ్ళుగా సీనియర్ బ్యాచ్‌కి వచ్చిన ప్రతి వర్క్‌షీటూ, ప్రతి క్విజ్జూ నేనే తయారుచేశాను. నమ్మడం కష్టమైతే నాదొక విన్నపం. శాఖాధిపతి గారినీ నన్నూ చెరో గదిలో కూర్చోబెట్టి చెరో తెల్లకాగితం ఇవ్వండి. ఒక్క బిట్టు రాయమనండి. మూడు తప్పు జవాబులూ ఎందుకు పెట్టామో పక్కన రాయమనండి. అవి చూశాక నా దరఖాస్తు సంగతి తేల్చండి.'

ఆయన మొహం ఎర్రబడింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఏమిటిది? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంటి మాటలు ఇంట్లో మాట్లాడతాను. ఇది ఆఫీసు కాగితం సార్."

"నేను సంతకం పెట్టను."

"పెట్టలేదని కిందే రాసి నేను తీసుకెళ్తాను."

కెమిస్ట్రీ మేడం దిద్దడం ఆపేసింది. దాచుకోకుండా ఇటే చూస్తోంది.

"నన్ను పరీక్ష రాయమంటావా? నన్ను!"

"ఇద్దరం రాద్దాం. ఒక్క బిట్టేగా."

ఆయన మళ్ళీ కాగితం చూశాడు. తెల్లకాగితమన్న చోట వేలు ఆగింది. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆయన ముందుకు వంగి, తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ, అడగకూడని మనిషిని అడుగుతున్నానన్న ధ్యాస కూడా లేకుండా, మెల్లగా అడిగాడు.

"ఒకవేళ నిజంగానే పెడితే... ఏ చాప్టర్లోంచి ఇస్తారంటావ్?"

"సిలబస్ మొత్తం," అంది ఆమె.