చెమట తరంగములు

గ్రీష్మాపరాహ్ణమున సముద్రము కరిగించి పోసిన వెండివలె నిశ్చలమై మెరయుచుండ భీమిలి తీరమందలి వైద్యశాల మేడగదిలో మగతనిదుర వంటి నిశ్శబ్దము నిండియుండెను. మెదడునందలి విద్యుత్తు కాగితముపై గీయు గీతలను చదువుటయే వృత్తిగా గల వైద్యురాలు వేదవతి పదియేండ్ల వైద్యపత్రికలను ముందిడుకొని ఎట్టి పరిశోధనకు గిరాకి పెరిగినదో ఎట్టిది చెల్లక నిలిచిపోయినదో తూచి చూచుచుండెను. క్రొత్తతరంగమును కనుగొంటిమను వ్యాసములు నాలుగింతలైనవి; పొరపడితిమని ఒప్పుకొన్న వ్యాసము వందకొక్కటియు లేదు.

గిరాకి గల సరకు ఆమె చేతనున్నది. మూర్ఛరోగులు పదునొకండ్రు నిదురించుచుండగా తీసిన గీతలలో ఎవ్వరును వర్ణింపని దీర్ఘమందతరంగమొకటి స్వప్నమున ఊగు ఊయలవలె కదలుచుండెను. అది క్రొత్త వ్యాధిలక్షణమని ఆమె వారికి మాత్రలు హెచ్చించి వ్యాసము వ్రాయగా పత్రిక అంగీకరించెను. సాయంకాలములోగా తుదిసమ్మతి పంపినచో విభాగాధ్యక్షపదవియు ఆమెదే.

ఆ గీతలను తీసిన పైడయ్య, రోగుల తలలకు తీగెలమర్చు వృద్ధుడు, బల్లపైనున్న పటమును చూచి నవ్వెను.

"ఇయ్యి మెదడు గీతలు కావమ్మా, సెమట గీతలు. ఏసీ పాడైపోన వారం తీసినాం గదా. తల తడిస్తే గీత ఇలాగే ఊగుతాది."

"అప్పుడే చెప్పొద్దా పైడయ్యా?"

"సెప్పడానికేటుంది? కాయితం అంచుమీద తారీకు రాసినాను. మీరు గీతే సూసినారు, అంచు సూడలేదు."

ఆమె అంచున తారీకు చూచి పరీక్షగదికి నడచెను. ఆ పదునొకండ్రలో ఒకతె, చేపలమ్ము నూకాలు, ఆనాడే మరల పరీక్షకు వచ్చి శయనించియుండెను. చల్లనిగదిలో గీత సమముగా సాగుచుండెను. పైడయ్య ఏసీ ఆపెను. నిదురించు నూకాలు నుదుట చెమట పొడమినంతనే ఆ మందతరంగము మేల్కొని ఊగెను. తుడిచి చల్లార్చినంతనే కలవలె కరగిపోయెను.

నూకాలు కన్నులు తెరచెను.

"ఏటి కనిపించినాది డాట్రమ్మా నా తలకాయిలో?"

"ఏమీ లేదమ్మా."

"మా ఆయనా అదే అంతాడు!"

వేదవతి నవ్వబోయి నవ్వలేకపోయెను. త్రాసున ఒక తట్టలో పదవి, రెండవదానిలో పదునొకండ్రు ఊరక మ్రింగుచున్న మాత్రలు. ఆ తూనికకు ఎంతోసేపు పట్టలేదు. వ్యాసమును వెనుకకు తీసికొంటినని పత్రికకు వ్రాసి ఆమె నూకాలువైపు తిరిగెను.

"నేను పెంచిన మాత్ర ఇంక వద్దు నూకాలూ. తప్పు నాది."

పరుల శిరమున లేని రోగముపై కట్టుకొన్న కీర్తి ఎంత తూగినను నష్టమే. నూకాలు తన తలలో పెద్ద డాక్టరమ్మ వెదకి వెదకి ఏమియు కనుగొనలేకపోయినదని వీధి పొడుగునను చాటుకొనుచు ఆ యెండలో తేలికగా అడుగులు వేయుచు పోయెను.