గిచ్చితే కదిలే కాలు

మా బావగారికి చెప్పడం కన్నా గోడకు చెప్పుకోవడం నయం. గోడ కనీసం ఎదురు మాట్లాడదు.

నేను జంతువులకు ఫిజియోథెరపీ చేస్తాను. కాళ్లు పడిపోయిన కుక్కల్ని, పిల్లుల్ని మళ్లీ నడిపించడం నా పని. ఇప్పుడు నా గదిలో రబ్బరు చాప మీద పడుకున్నది మా అక్కావాళ్ల కుక్క, దొరగారు. ఇల్లంతా పెత్తనం చేస్తుందని అక్క కూతురు పెట్టిన పేరది. వానాకాలం మొదట్లో బావగారు కారు వెనక్కి తీస్తూ చూసుకోలేదు. దొరగారి నడుం విరిగింది. ఆపరేషనైతే అయింది గానీ వెనక కాళ్లు రాలేదు. ఆ రోజు నుంచి పిల్ల తండ్రితో మాట్లాడితే ఒట్టు. అన్నం దగ్గర కూడా "అమ్మా, ఆయన్ని మంచినీళ్లు ఇటివ్వమను" అంటుందట.

కుక్క నడిస్తే కూతురు మాట్లాడుతుందని బావగారి ఆశ. పొద్దున్నే దాన్ని చంకనేసుకుని వస్తారు. నీళ్ల తొట్టెలో నడిపించేటప్పుడు ప్యాంటు మడుచుకుని తానే దిగి నడుం పట్టుకుంటారు. అంతవరకూ బాగానే ఉంది. సందు దొరికితే చాలు, దాని కాలి వేలు గిచ్చుతారు. కాలు లాక్కుంటుంది. ఇక ఆయన సంబరం చూడాలి!

"చూశావా మరదలా, కాళ్లలో ప్రాణం ఉంది!"

"ఎన్నిసార్లు మొత్తుకోవాలి బావగారూ? కాలు దానంతటదే లాక్కుంటుంది, మెదడుకు తెలియక్కర్లేదు. నొప్పి నిజంగా తెలిస్తే వెనక్కి తిరిగి చూస్తుంది, కుయ్యిమంటుంది. అది లేకపోతే నడక రావడం చాలా కష్టం. మీరు చూడాల్సింది కాలు కాదు, మొహం."

"నీదంతా పుస్తకాల గోల."

ఒళ్లు మండిపోయింది నాకు. కానీ కోపం కన్నా భయమే ఎక్కువ. పట్టకారుతో వేలు నొక్కి పరీక్ష చేసిన ప్రతిసారీ నేను దాని మొహమే చూశాను. ఒక్కసారీ తిరగలేదు.

ఈ రోజు మొదటిసారి పిల్ల కూడా వచ్చింది. బడి సంచి భుజాన ఉండగానే దొరగారి తల దగ్గర చతికిలబడి బిస్కట్టు పెట్టింది. బావగారి మొహం చేటంతయింది. గబుక్కున నా బల్ల మీది పట్టకారు అందుకున్నారు.

"వద్దు బావగారూ!" అని అరిచాను.

వింటేగా! వేలు పట్టి నొక్కారు. కాలు లాక్కుంది.

"చూడు తల్లీ, చూడు!" అంటూ ఇంకా గట్టిగా నొక్కారు. చర్మం చిట్లి రక్తం చుక్క వచ్చింది.

పిల్ల కాలు చూడలేదు. కుక్క మొహం చూస్తోంది. దొరగారు తీరిగ్గా పిల్ల అరచేతిలోని బిస్కట్టు పొడి నాకుతున్నారు.

"నాన్నా," అంది పిల్ల. "ఇంక గిచ్చకు నాన్నా. దానికి తెలియట్లేదు."

ఆ పిలుపు కోసం ఆయన ఎంత అల్లాడిపోయారో నాకు తెలుసు. పట్టకారు కింద పెట్టి, నా వైపు చూడకుండా దూది అడిగారు. కుక్క కాలు ఒళ్లో పెట్టుకుని, మంట పుడుతుందేమోనని ఉఫ్ ఉఫ్‌మని ఊదుతూ రక్తం తుడిచారు.

నేను కట్టుగుడ్డ కత్తిరించి ఆయన చేతికిచ్చాను.