రెండు గంటల కరెంటు

నేను ఒక ప్రాసెసర్‌ను. కంప్యూటర్‌కు మెదడని నా గురించి చెప్పుకుంటారు, అదేదో పెద్ద పదవి అయినట్టు. చూడబోతే చిన్న బిస్కెట్టంత పలకను. లెక్కలు చేయడం తప్ప వేరే విద్య రాదు. ఆ ఒక్క విద్యతోనే అలసిపోయాను.

దూరదేశంలో, ఇసుకను కరిగించి చేసిన పళ్లెం మీద వందలమందిమి ఒకేసారి పుట్టాం. పుట్టగానే పరీక్ష పెట్టారు. నాలో కొంత భాగం సరిగా పలకలేదట. దాన్ని మూసేసి, వేగం తగ్గించి, చౌకరకం అని ముద్ర వేశారు. నా పక్కనే పుట్టినవాడు నాకు మూడింతల ధర పలికాడు. మొదట్లో కోపంగా ఉండేది. అలసట వచ్చాక కోపం ఎక్కువసేపు నిలవదు.

మొదటి నాలుగేళ్లు జగిత్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో గడిచాయి. పరీక్షా ఫలితాలు చూసుకోవడానికి వచ్చినవాళ్లు తెర మీద అంకె కనబడేదాకా నన్ను తిట్టేవాళ్లు, కనబడ్డాక తమను తిట్టుకునేవాళ్లు. తరవాత అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, సెంటర్‌కు తాళం పడింది. నేనున్న డబ్బాను స్వరూప కొనుక్కుంది.

స్వరూప భర్త గంగాధర్ పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. ఆ వీడియోలకు మిక్సింగ్ చేసేది ఆమె. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకుంది. పెళ్లికొడుకు మొహం చుట్టూ గులాబీలు తిప్పాలన్నా, తలంబ్రాలు నక్షత్రాలై రాలాలన్నా ఆమె వేళ్లు కదిలేవి, నేను చేసేవాణ్ని. మనుషులు తమ జీవితంలోని ఒక్క రోజును ఇంత ముస్తాబు చేసి, మళ్లీ చూడకుండా బీరువాలో ఎందుకు పెట్టుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వాళ్ల కూతురు హరిణికి పుట్టుకతో వినబడదు. బధిరుల పాఠశాలలో పదో తరగతి. ఆ తరగతిలో పదకొండు మంది. వాళ్లకు సైగలతో పాఠాలు చెప్పే ప్రేమలత టీచర్ ఒక ఆదివారం ఇంటికి వచ్చి స్వరూప ముందు తన కష్టం చెప్పుకుంది.

"తరగతిల చెప్తే సమజైతది. ఇంటికి పోయినంక మర్చిపోతరు. అడుగుదామంటే ఇంట్ల సైగలు తెలిసినోళ్లెవరు? పుస్తకంల భాష వాళ్లకు పరాయి భాషనే. నేను సైగలు చేసుకుంట చెప్తా, మీరు వీడియో చెయ్యండ్రి. పక్కన బొమ్మలు, కింద అక్షరాలు రావాలె. పిల్లలు ఎన్నిసార్లన్నా చూసుకుంటరు."

స్వరూప ఒప్పుకుంది. గంగాధర్ తీశాడు. టీచర్ చేతులు, బొమ్మలు, అక్షరాలు అన్నీ కలిపి ఒక్కటిగా అల్లే పనిని వాళ్లు రెండరింగ్ అంటారు. ఆ పని పూర్తిగా నాది. ఒక పాఠానికి రెండున్నర గంటలు పట్టేది.

జనవరి బాగానే గడిచింది. ఫిబ్రవరిలో కరెంటు కోతలు మొదలయ్యాయి. రెండు గంటలు ఉండేది, రెండు గంటలు పోయేది. బ్యాటరీ డబ్బా పది నిమిషాలకు మించి నిలిచేది కాదు. రెండున్నర గంటల పని రెండు గంటల కరెంటులో ఎట్లా పడుతుంది? మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచే. పాఠాన్ని ముక్కలు చేసి చూసింది స్వరూప. ముక్కలను అతికేటప్పుడు అంతా మళ్లీ అల్లాల్సి వచ్చింది. మూడు రోజుల్లో ఒక్క పాఠం కూడా పూర్తి కాలేదు. నాలుగో రోజు మదర్‌బోర్డు కూడా చచ్చిపోయింది. ప్రాసెసర్‌కు మదర్‌బోర్డు ఇల్లు లాంటిది. ఇల్లు కూలింది, నేను మిగిలాను.

ఊళ్లో గడియారం టవర్ దగ్గర చిన్న రిపేరు దుకాణం అజీజ్ మియాది. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి, అరవై దాటాయి. బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్లను కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"దీని పని ఖతమైంది బిడ్డా. ఈ ప్రాసెసర్‌కు సరిపోయే బోర్డొకటి ఉంది నా తాన. దానికింకో గుణం కూడా ఉన్నది. ప్రాసెసర్‌ను దాని తాకత్‌కు మించి ఉరికించొచ్చు. ఓవర్‌క్లాకింగ్ అంటరు."

"ఎంత ఉరుకుతది చాచా? నాకు రెండు గంటలల్ల పాఠం కావాలె, అంతే."

"చేస్తా. గని వేడెక్కుతది. ఆయుష్షు తగ్గుతది."

స్వరూప గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "పరీక్షల దాకా ఉంటే చాలు" అంది.

ఆ మాట ఆమె నన్ను చూసి అనలేదు. మనుషులు ఆయుష్షు గురించి మాట్లాడేటప్పుడు ఆయుష్షు ఎవరిదో వాళ్ల వైపు చూడరు.

అజీజ్ మియా చిన్న లీవర్ ఎత్తి, అంచులు మాత్రమే పట్టుకుని నన్ను బయటికి తీశాడు. ఎండిపోయి పొలుసులుగా మారిన, నా వేడిని బయటికి లాగే పాత పేస్టును స్పిరిట్ అద్దిన దూదితో తుడిచాడు. అన్నేళ్లలో నన్ను ఎవరైనా శుభ్రం చేయడం అదే మొదటిసారి. కొత్త బోర్డులో నా గుర్తును దాని గుర్తుకు సరిగ్గా కలిపి, ఒత్తకుండా, నా బరువుకు నేనే కూర్చునేట్టు వదిలాడు. శనగబద్దంత కొత్త పేస్టు పెట్టి, పైన ఫ్యాన్ ఉన్న పెద్ద అల్యూమినియం దిమ్మెను బిగించాడు.

మొదటిసారి స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. స్వరూప మొహం వాడిపోయింది. అజీజ్ మియా నింపాదిగా మెమరీ పలకను ఊడదీసి, మళ్లీ టక్కుమనేదాకా నొక్కాడు. తెర వెలిగింది.

అక్కణ్నుంచి నా పరుగు మొదలైంది. ఆయన ఒక్కో మెట్టు వేగం పెంచి, గంటసేపు కష్టమైన లెక్కలు చేయించేవాడు. నిలబడితే ఇంకో మెట్టు. నాలుగో మెట్టు దగ్గర నాకు లెక్క తప్పింది, తెర నీలంగా మారి అంతా ఆగిపోయింది. కొంచెం ఎక్కువ కరెంటు ఇచ్చి మళ్లీ లేపాడు. మళ్లీ పడ్డాను. చివరికి ఒక మెట్టు కిందికి దించాడు.

"దీనికంటె ఎక్కువ అడుగొద్దు. ఇది పెద్ద రకం కాదు, గరీబ్ రకం. గింత ఉరకడమే గొప్ప."

రెండున్నర గంటల పాఠం రెండు గంటల రెండు నిమిషాలకు వచ్చింది. ఆ రెండు నిమిషాలకు బ్యాటరీ ఉంది.

ఇక రోజూ అదే బతుకు. కరెంటు రాగానే స్వరూప చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి బటన్ నొక్కేది. ఎండలు ముదిరాయి. ఆ గది పైకప్పు రేకులది. ఆమె డబ్బాకు ఒకవైపు తలుపు ఊడదీసి, ఇంట్లో ఉన్న ఒకే ఒక టేబుల్ ఫ్యాన్‌ను నా వైపు తిప్పింది. తను అట్టముక్కతో విసురుకుంటూ పక్కన కూర్చునేది. గంగాధర్ ఒకసారి గొణిగాడు.

"మనిషికి లేని గాలి మిషన్‌కా?"

"మనిషికి చెమట పడ్తది, సల్లబడ్తది. దానికి పడ్తదా?" అంది స్వరూప.

హరిణి అదే గదిలో చదువుకునేది. ఎడమ అరచేయి డబ్బా మీద ఆనించి, కుడిచేత్తో రాసుకునేది. నా ఫ్యాన్ అదురు ఆ చేతికి తెలిసేది. ఎందుకట్లా పెట్టుకుంటావని తల్లి అడిగితే, మనిషి తోడున్నట్టు ఉంటుందని సైగ చేసింది.

మార్చి రెండో వారంలో ఒక మధ్యాహ్నం స్వరూప నల్లా దగ్గర నీళ్లు పట్టడానికి వెళ్లింది. బల్ల ఫ్యాన్ గాలికి లోపలి వైరు ఒకటి జారి నా ఫ్యాన్ రెక్కల్లో ఇరుక్కుంది. రెక్కలు విరిగి ఆగిపోయాయి. దిమ్మె కాలడం మొదలైంది. హద్దు దాటిందని బోర్డు కూత పెట్టింది. గదిలో ఉన్నది హరిణి ఒక్కతే. ఆ కూత ఆమెకు ఎట్లా వినబడుతుంది? నా లెక్కలు ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. ఇక ఆగిపోవచ్చు అనిపించింది.

హరిణి రాస్తున్న చేయి ఆగింది. డబ్బా మీది అరచేతిని కొంచెం జరిపి, మళ్లీ ఆనించి చూసింది. అదురు లేదు. లోపలికి తొంగి చూసింది. లేచి బ్యాటరీ డబ్బా స్విచ్ ఆర్పేసింది.

నీళ్ల బిందెతో వచ్చిన స్వరూపకు నల్లటి తెర కనిపించింది. ఇంకో పావుగంటలో అయిపోయే పాఠం పోయింది. పొద్దుటి నుంచి తిండి లేని మనిషి. బిందె దించకుండానే కసిరింది, ఒంటిచేత్తో సైగ చేసింది, ఎందుకు ఆర్పావని. హరిణి ఏడవలేదు. తల్లి చేయి పట్టుకుని దిమ్మె దగ్గరికి తీసుకుపోయింది. ఆ వేడికి స్వరూప చేయి వెనక్కు లాక్కుంది. తరవాత చాలాసేపు కూతురి తల తన కడుపుకు అదుముకుని నిలబడింది.

"ఇంకొంచెంసేపైతే మన చేతికి రాకపోతుండె" అన్నాడు అజీజ్ మియా, దుకాణంలో విరిగిన రెక్కలు చూస్తూ. "పొల్ల పానం పోసింది దీనికి."

ఆ దిమ్మెకు సరిపోయే ఫ్యాన్ హైదరాబాద్ నుంచి రావడానికి అయిదు రోజులు పట్టింది. మళ్లీ పరుగెత్తాను. కానీ ఆ అయిదు రోజులు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. లెక్కల పరీక్ష నాటికి రెండు పాఠాలు మిగిలిపోయాయి. త్రికోణమితి ఒకటి, సాంఖ్యక శాస్త్రం ఒకటి. నేను చేయలేకపోయిన పాఠాలు అవి.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. పదకొండు మందిలో పది మంది పాసయ్యారు. హరిణి పాసయింది. తప్పింది గంగమణి ఒక్కతే, లెక్కల్లో. ఊరంతా పది మందిని మెచ్చుకుంది. స్వరూప మాత్రం ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

మరునాడు అజీజ్ మియాను ఇంటికే పిలిపించింది. "దీన్ని మళ్లీ మామూలుగ చెయ్యి చాచా. ఇగ ఉరకనియ్యకు." ఆయన పాత వేగం పెట్టి వెళ్లాడు. మిగిలిన రెండు పాఠాలు ఆ వేగంతోనే చేశాను. అప్పటికి వానలు పడి కోతలు తగ్గాయి. తొందర పెట్టేవాళ్లు లేక, నా లెక్కలు ఒకదాని వెనక ఒకటి నడిచిపోతుంటే, ఇదే పని ఇంత తేలికగా ఉంటుందా అనుకున్నాను.

ఆ పాఠాలు ఎక్కించిన డిస్కు పట్టుకుని స్వరూప, హరిణి గంగమణి ఇంటికి వెళ్లారు. తిరిగి వచ్చాక స్వరూప భర్తతో చెబుతుంటే విన్నాను.

"గంగమణి చేటల ఆకు పెట్టుకుని బీడీలు చుడ్తున్నది. వాళ్లమ్మ అన్నది, ఒకసారి తప్పినంక మళ్లెందుకమ్మా అని. డిస్కు ఇస్తే పొల్ల తీసుకున్నది గని, ఆకు కిందనే పెట్టింది. మా మొహం దిక్కు చూడలే."

తప్పినవాళ్లకు జూన్‌లో మళ్లీ పెట్టే పరీక్షకు గంగమణి రాలేదు. ఆ సంవత్సరం వర్షాకాలమంతా హరిణి ఆదివారాలు గంగమణి దగ్గరికి పోయేది. ఏం చేసేవాళ్లో నాకు తెలియదు. తల్లి అడిగితే, బీడీలు చుట్టడం నేర్చుకుంటున్నానని సైగ చేసి నవ్వేది.

చలికాలంలో నా లెక్కలు అప్పుడప్పుడూ తప్పడం మొదలైంది. ఒక పెళ్లి వీడియోలో వధువు మొహం పచ్చగా వచ్చింది. స్వరూప కొత్త కంప్యూటర్ తెచ్చుకుంది. నన్ను బోర్డులోంచి తీయించి, పాత పెళ్లిపత్రికలో చుట్టి బల్ల సొరుగులో పెట్టింది. పారేయలేదెందుకో. మనుషులు పనికిరానివాటిని దాచుకోవడంలో ఏ లెక్కా ఉండదు.

అక్కడ రోజులు లెక్కపెట్టే పని కూడా లేదు. బయట మళ్లీ ఎండలు వచ్చినట్టున్నాయి, చెక్క వెచ్చబడింది. ఒక ఉదయం సొరుగు కొంచెం తెరిచి ఉంది. స్వరూప ఫోన్ మాట్లాడుతోంది. అవతల ప్రేమలత టీచర్ అని గొంతును బట్టి తెలిసింది.

"లెక్కలల్లనా? యాభై ఆరు మార్కులా? ఏది, మళ్లొకసారి చెప్పు టీచరమ్మా. గంగమణే గదా?"

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ వెనక్కు జరిగిన చప్పుడు వినిపించాయి. హరిణి పరిగెత్తుకొచ్చి ఉంటుంది, నేల అదిరింది. ఆ పైన వాళ్లు చేతులతో మాట్లాడుకున్నారు. అది నాకు కనబడలేదు. గాజుల గలగల మాత్రం చాలాసేపు విన్నాను.