వరసగా మూడేళ్ళు

భర్త మోకాలికి పట్టీ చుడుతూ దుర్గాదేవి అడిగింది, గుడివాడ మీటింగులో ఆటగాళ్ళ పింఛను రూలు మార్చారట కదా, ఇప్పుడు తనకీ వస్తుందా అని. హరిబాబు పేపర్లోంచి తలెత్తకుండా, కనుక్కుని చెప్తాలే అన్నాడు. కనుక్కునేదేముంది, ఆ రూలు మార్చిన కమిటీలో ఆయనా ఒకడేగా అనుకుంది.

ఇద్దరూ ఒకే క్లబ్బులో జీతానికి ఫుట్‌బాల్ ఆడినవాళ్ళే. ఆయన మగవాళ్ళ జట్టుకి గోల్‌కీపరు. ఆమె ఆడవాళ్ళ జట్టులో ఫార్వర్డు, అవనిగడ్డ నుంచి తొలి బస్సుకి బందరు గ్రౌండుకి వచ్చేది. రెండేళ్ళు ఆడాక పెళ్ళయింది, అక్షిత కడుపున పడటంతో ఏడాది ఆగింది. పాప ఇంకా పాలు తాగుతుండగానే ఆయన మోకాలి చిప్ప పగిలి మంచాన పడ్డాడు. నిక్కరేసుకుని పరిగెత్తే కోడలని అంతకుముందు నలుగురిలో నామోషీ పడ్డ అత్తగారే, ఇల్లు గడవాలి కదమ్మా, వెళ్ళి ఆడమంది. హాఫ్‌టైములో బాత్రూములో పాలు పిండి పారబోసుకుని, మళ్ళీ బూట్లు బిగించుకుని, దుర్గ ఇంకో రెండేళ్ళు ఆడింది. పింఛనుకి మాత్రం ఐదేళ్ళు ఆడి ఉండాలన్నారు అప్పట్లో. ఇప్పుడు మూడేళ్ళు చాలంటున్నారు.

మధ్యాహ్నం రావమ్మ ఫోన్ చేసింది. ఒకప్పుడు అదే జట్టు, ఇప్పుడు మోపిదేవి గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టు.

"అక్కా, ఆ మూడేళ్ళూ వరసగా ఆడి ఉండాలట. కాన్పుకి ఆగిన మనమెవ్వరమూ పనికిరామట. దెబ్బ తగిలి ఆగితే మాత్రం వరస తప్పినట్టు కాదట."

దెబ్బ తగిలి ఆగిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చాడు. దుర్గ అడిగితే దాచలేదు. నిధి అందరికీ సరిపోదని, ఎవరినో ఒకరిని తగ్గించక తప్పలేదని, 'వరసగా' అన్న మాట చేర్చమన్నది తనేనని చెప్పాడు.

"మగాళ్ళయితే కోర్టుకెక్కుతారు దుర్గా. మీరు గొడవ చెయ్యరుగా. అయినా మనింటికి ఒకటి వస్తోందిగా. రావమ్మా వాళ్ళతో మాత్రం అనకు."

దుర్గ కూర గిన్నె దించింది. ఎవరో తెలియనివాళ్ళు రాసిన రూలైతే తిట్టుకుని ఊరుకునేది. ఈయన మంచంలో పడుకుని, ఏడుస్తున్న పాపని పక్కన పెట్టుకుని, ఆలస్యమవుతోంది వెళ్ళు అని తనని పంపిన మనిషి. ఎవరిని తీసేస్తే నోరెత్తరు అని ఆ కమిటీ ఆలోచిస్తుంటే ఈయనకి తన మొహం గుర్తొచ్చి ఉంటుంది. గుర్తొచ్చే ఆ మాట చెప్పాడు. ఇన్నేళ్ళూ తన ఓర్పుని చూసి మురిసిపోతున్నాడనుకుంది. లెక్కేసుకుంటున్నాడన్నమాట.

ఆయన ఎదురుగానే ఫోన్ తీసింది.

"రావమ్మా, కాన్పుకి ఆగినవాళ్ళందర్నీ పోగు చెయ్యి, కోర్టుకి వెళ్దాం. ఆ మాట చేర్చింది మా ఆయనే. నాతో చెప్పారు. జడ్జిగారడిగినా అదే చెప్తాను."