గోడకు ఆనిన వేడి

మళ్లీ ఆగింది, హమ్మయ్య, చల్లబడి ఉంటుంది, చల్లబడితే దానంతటదే ఆగుతుందని ఆయన ఉన్నప్పుడు అనేవారు, కొట్టు పెట్టిన కొత్తలో ఈ డీప్ ఫ్రీజర్‌ని పాడిగేదెను నిమిరినట్టు నిమిరేవారు, ఇప్పుడు ఆయన లేరు, కొట్టూ ఫ్రీజరూ నా నెత్తినే ఉన్నాయి, రోహిణి కార్తె ఎండకు తణుకు బస్టాండు ముందు తారు మెత్తబడిపోయింది, రోడ్డు మీద మనిషి లేడు, కుక్క కూడా లేదు, ఇందాక ఎవరికో ఐస్‌క్రీము తీసిస్తే కప్పులో పాలలా కదిలింది, చల్లబడి ఆగిందైతే అదెందుకు కరుగుతుంది, పోనీలే, మెకానిక్ పెదబాబు వస్తానన్నాడు, చూసుకుంటాడు, నేను చెయ్యాల్సింది చేస్తూనే ఉన్నాను, వెనక జాలీ మీద గోనెపట్టా తడిపి కప్పాను, ఆరగానే మళ్లీ తడుపుతున్నాను, జ్వరం వచ్చిన ఒంటికి తడిగుడ్డ వెయ్యమూ, వడగాలి తగలకుండా గోడకు ఆనించి జరిపాను కూడా, ఆ గోడకు అవతలే రామతులసి మంచం.

నా కూతురు, తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది, కిటికీ రెక్కలు బిగించి, చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, సాంబ్రాణి పొగ వేసి ఉంచాం, ఫ్యాను వెయ్యకూడదు, బాలింతకు గాలి సోకితే జన్మంతా పీడిస్తుందని మా ఆయన అక్కగారు శ్యామలాంబ వదిన పట్టు, పసివాడు ఉక్కకు కేరుతుంటే వాడి ఉయ్యాల మాత్రం నడవలోకి మార్చారు, తల్లి కదలకూడదు, నీళ్లు కూడా కాచి చల్లార్చినవి కొంచెం కొంచెమే, ఎక్కువ తాగితే పొట్ట పెరిగిపోతుందట, నిన్న నా కొంగు పట్టుకుంది, అమ్మా, ఒక్క గుక్క, కొట్టు నిండా చల్లటి సీసాలున్నాయి కదమ్మా, ఒక్కటి, నేను వదినగారి వంక చూశాను, ఏంటే దుర్గా, అలా చూస్తావ్, మేమంతా కనలేదా, నువ్వు కన్నప్పుడు కాపలా ఉన్నది నేనే కదా, చచ్చిపోయావా ఏంటి, అని నవ్వారు, నేనూ నవ్వాను, నేను కన్నది మాఘమాసంలో కదండీ వదినగారూ, అని నోటిదాకా వచ్చింది, మింగేశాను, ఆవిడ చేతులు నా తలకు గుడ్డ చుట్టిన చేతులే, ఎలా అంటాను, పొద్దున ఆవిడే వచ్చి చెప్పారు, చూశావా, నిన్నంతా ఒకటే గోల, ఇవాళ కుదురుకుంది, చెమట కూడా పట్టడం లేదు, ఒళ్లు ఆరింది, హాయిగా నిద్రపోతోంది, లేపకు, నాకు ప్రాణం కుదుటపడింది, బేరాలు చూసుకుంటూ కూర్చున్నాను, నిద్రపోతోంది కదా, అదే మంచిది, ఈ ఫ్రీజర్ మళ్లీ ఎప్పుడు మొదలెడుతుందో.

మోపెడ్ చప్పుడు, పెదబాబు, తలకు తడి తువ్వాలు, అబ్బబ్బ, పిన్నిగారండీ, ముందో కూల్‌డ్రింకు కొట్టండి, కళ్లు తిరిగిపోతన్నాయి, వెచ్చగా ఉన్నాయి బాబూ అన్నీ, అదేంటండి, మీ కొట్లో కూడానా, ఇంక ఊళ్లో దాహం తీరే చోటేదండి, అంటూ వంగి వెనక చూశాడు, ఓర్నాయనో, దీనికి దుప్పటి కప్పి జోకొడతన్నారా, పట్టా లాగేశాడు, జాలీ సందులన్నీ నానిన గోనెపీచు, దుమ్ము, చల్లదనానికి కప్పానయ్యా, చల్లదనం ఎక్కడిదండి, లోపలి వేడంతా ఇక్కణ్ణించే కదండి బయటికి పోవాలి, వెనక గాలాడాలి, మీరు గోడకి అదిమేసి మూసేస్తే ఎటు పోద్దండి, దాంట్లో అదే ఉడుకుద్ది, మరి చల్లబడి ఆగుతోంది కదా, ఇందాకట్నుంచీ చప్పుడే లేదు, చల్లబడి కాదండి పిన్నిగారూ, తట్టుకోలేక ఆగిపోయింది, ఇంకో పూట ఇలాగే ఉంచారనుకోండి, మళ్లీ మొదలెట్టదు, అని ఫ్రీజర్‌ని ముందుకు లాగి గోడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు, బాబోయ్, పొయ్యిగట్టులా ఉందండి, అవతలేముంది, గదా.

గదే, వాడు బ్రష్షుతో జాలీ రుద్దుతున్నాడు, ఏదో చెబుతున్నాడు, గోడకి మూరెడు ఎడం ఉంచండి, అప్పుడప్పుడూ దులపండి, మూత ఊరికే తియ్యకండి, వినపడుతోంది, వినపడటం లేదు, చల్లబడి కాదండి, నిన్న నా కొంగు పట్టుకున్న చెయ్యి తడితడిగా ఉంది, ఇవాళ చెమటే పట్టలేదన్నారు, కుదురుకుందన్నారు, నేను సంతోషించాను, నీళ్ల సీసా ఎప్పుడు తీశానో, నడవలో వదినగారు ఉయ్యాల వదిలి లేచారు, ఎక్కడికే అది పట్టుకుని, దుర్గా, తలుపు తియ్యకు, గాలి సోకుతుంది, నీకేమైనా మతిపోయిందా, గడియ తీశాను, పొగా వేడీ కలిసి మొహాన కొట్టాయి, రామతులసీ, తల్లీ, కిటికీ రెక్క ఒకటి వచ్చింది, రెండోది బిగుసుకుంది, మోచేత్తో గుద్దాను, వెలుతురు మంచం మీద పడింది, పగిలిన పెదవులు, సగం మూసిన కళ్లు, నుదుటి మీద చెయ్యి వేస్తే ఎండలో పెట్టిన ఇత్తడి బిందె, చుక్క చెమట లేదు, సీసా పెదవులకు ఆనిస్తే నీళ్లు చెంప మీదుగా దిండులోకి కారిపోయాయి, పెదబాబూ, ఆటో పిలువు, ఆసుపత్రికి, పరిగెత్తు, అరుస్తున్నది నేనేనా, తలగుడ్డ లాగేస్తున్నాను, చెవుల్లో దూది పీకేస్తున్నాను, వదినగారు గుమ్మంలో ఏదో అంటున్నారు, నిద్రపోతోందనుకున్నాం కదే, అంటున్నారు, అవును, అనుకున్నాం, ఇద్దరమూ అనుకున్నాం, పొద్దుటి నుంచీ నా కూతురు ఒక్కసారి కూడా నీళ్లు అడగలేదు.